అడ్వాన్సు ఎవరి సొమ్ము?

2016 జూన్ నెలాఖరున, మల్కాజిగిరిలో నాలుగేళ్ళ పాటు అద్దెకున్న ఇంటిని మేము ఖాళీ చేశాం. ఆషాఢం వచ్చేస్తే కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి వీలుండదని మా అత్తగారు పట్టుబట్టడంతో, జ్యేష్ఠం దాటకుండానే సామానంతా డీసీఎం వ్యానుకెక్కించి, గదులన్నీ ఊడ్చి, తాళంచెవులు ఓనరుగారి చేతిలో పెట్టాం. ఆయన పట్టపగలే ఫోనులో టార్చి వేసుకుని గదిగదికీ తిరిగారు. వంటింటి గుమ్మం పక్కన గోడ మీద, మా అమ్మాయి ప్రతి పుట్టినరోజుకీ నిలబడి ఎత్తు కొలిపించుకున్న పెన్సిల్ గీతలు నాలుగున్నాయి. వాటి దగ్గర ఆగి, వేలితో ఒకసారి రుద్ది చూసి, "గోడ పాడైపోయిందమ్మా, మొత్తం రంగులు వేయించాలి" అన్నారు. పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క రాశారు. రంగులకు ఒక నెల అద్దె 9,000, గీజరుకూ కుళాయికీ కలిపి 1,700, వంటగది శుభ్రం చేయించడానికి 800. మేమిచ్చిన మూడు నెలల అడ్వాన్సు 27,000లో 11,500 పోగా మిగిలిన 15,500 కూడా ఆ రోజు మా చేతికి రాలేదు. "ఆషాఢంలో ఎవరూ దిగరు కదమ్మా, శ్రావణంలో కొత్తవాళ్ళు దిగి అడ్వాన్సు ఇవ్వగానే మీది సర్దేస్తాను" అన్నారు. అది అందేసరికి వినాయక చవితి కూడా దాటింది.

డిసెంబరులో, పాత చిరునామాకు వచ్చిన బీమా ఉత్తరం ఒకటి తెచ్చుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళాను. కొత్తగా దిగినావిడ లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. వంటింటి గుమ్మం పక్కన నాలుగు పెన్సిల్ గీతలూ అలాగే ఉన్నాయి.

ఇన్నేళ్ళ తర్వాత ఈ సంగతి రాయడానికి ఒక కారణం ఉంది. ఇప్పుడు నేనూ ఓనరునే. 2018లో వనస్థలిపురంలోని మా మామగారి ఇంటి మీద ఒక అంతస్తు వేసి, రెండు పోర్షన్లు అద్దెకిస్తున్నాం. అద్దె ఇచ్చిన చేత్తోనే అద్దె పుచ్చుకోవడం కూడా అలవాటయ్యాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయమేమిటంటే, ఖాళీ చేసే రోజున గోడల గురించి, గీజర్ల గురించి జరిగే వాదులాట చాలా ఇళ్ళలో పైపై మాటే. అసలు సంగతి, ఆ రోజున ఓనరు దగ్గర ఆ డబ్బు లేదు. దిగిన రోజున పుచ్చుకున్న అడ్వాన్సును రాబడి కింద జమకట్టి ఖర్చుపెట్టేసుకున్న మనిషికి, దాన్ని తిరిగి ఇవ్వవలసి వచ్చినప్పుడు సొంత జేబులోంచి తీసి ఇస్తున్నట్టే ఉంటుంది. అలా అనిపించిన మనిషి కళ్ళకు గోడ మీద ప్రతి గీతా కనబడుతుంది.

ఇది నేను ఎవరినో చూసి చెబుతున్న మాట కాదు. 2019లో మా మొదటి పోర్షనులో దిగిన దంపతులు ఇచ్చిన 28,000 అడ్వాన్సును మేము మెట్లకు గ్రిల్లు పెట్టించడానికి వాడేసుకున్నాం. పది నెలలు తిరిగేసరికి ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. నెల ముందుగా చెప్పి, కరెంటు బిల్లు కట్టేసి, ఇల్లు అద్దంలా తుడిచి అప్పగించారు. మా దగ్గర చూస్తే బ్యాంకులో ఆరేడు వేలకు మించి లేవు. ఆ రోజు నా నోటినుంచి వచ్చిన మాట, "కొత్తవాళ్ళు దిగాక ఇచ్చేస్తామండీ" అని. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, సరేనని తల ఊపింది. ఆమె మెట్లు దిగి వెళుతుంటే, మల్కాజిగిరిలో అదే మాట విని నేను మెట్లు దిగిన రోజు గుర్తొచ్చింది. మర్నాడు మా వారు ఆఫీసులో సొసైటీ అప్పు పెట్టి ఆ డబ్బు పంపించేశారు. ఆ తర్వాత ఇప్పటివరకూ, అద్దెకు దిగినవారు ఇచ్చిన అడ్వాన్సును ఇచ్చిన వారంలోనే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, ఆ రసీదు జిరాక్సు వాళ్ళకు ఇస్తున్నాం.

అసలు చిక్కు ఆ పేరులోనే మొదలవుతుందని నాకనిపిస్తుంది. అడ్వాన్సు అనగానే, ముందుగా ఇచ్చేసిన అద్దె అన్న అర్థం వినబడుతుంది. ఓనరు అలాగే విని వాడేసుకుంటాడు. అద్దెకున్నవారూ అలాగే విని, ఖాళీ చేసే ముందు "చివరి రెండు నెలలూ అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. చట్టం దాన్ని సెక్యూరిటీ డిపాజిట్ అంటుంది, అంటే హామీగా ఉంచిన సొమ్ము. బంగారం తాకట్టు పెట్టుకున్న షావుకారు ఆ గొలుసును కరిగించి అమ్ముకుంటే ఊరంతా తప్పంటుంది. ఇంటి ఓనరు అడ్వాన్సును కరిగించేసుకుంటే మాత్రం అది లోకరీతిగా చెల్లిపోతున్నది.

చివరి రెండు నెలల అద్దె ఎగ్గొట్టడం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. అద్దెకున్నవారి వైపు నుంచి జరిగే అన్యాయాల్లో ఎక్కువ కనబడేది ఇదే. అడ్వాన్సు తిరిగి రాదన్న భయంతో వాళ్ళు దాన్ని అద్దె రూపంలో ముందే రాబట్టుకుంటారు. దానివల్ల, ఇల్లు నిజంగానే పాడై ఉంటే బాగుచేయించుకోవడానికి ఓనరు దగ్గర ఏ హామీ మిగలదు. మా వీధిలోనే ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయాక కింది పోర్షను అద్దె ఒక్కటే ఆమెకు ఆధారం. అద్దెకున్నవాళ్ళు రెండు నెలలు "అడ్వాన్సులో పట్టుకోండి పిన్నిగారూ" అంటూ గడిపేసి, మూడో నెల మధ్యలో తాళాలు పక్కింట్లో ఇచ్చి వెళ్ళిపోయారు. మూడు నెలల కరెంటు బిల్లు, పగిలిన వాష్‌బేసిను, వంటగదిలో మూసుకుపోయిన తూము ఆమెకు మిగిలాయి. ఆ తర్వాత దిగినవాళ్ళ దగ్గర ఆమె నాలుగు నెలల అడ్వాన్సు పట్టుబట్టి తీసుకుంది, వాళ్ళు ఖాళీ చేసినప్పుడు చాలా కఠినంగా కోతలు పెట్టింది. ముందువాళ్ళు చేసిన దానికి తర్వాతివాళ్ళు తీర్చుకున్న బాకీ అది. ఒకరి భయం ఇంకొకరి భయాన్ని పెంచుకుంటూ పోతున్న ఈ వరుసలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆగాలంటే, ముందు ఆగవలసింది డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ళేనని నా వాదన.

ఇక రంగుల సంగతి. ఒక నెల అద్దెను రంగుల కింద కోసుకోవడం హైదరాబాదులో ఎంత మామూలైపోయిందంటే, అది చట్టంలో ఉన్నదేమో అనుకునేవారున్నారు. చట్టంలో ఉన్నది దానికి ఇంచుమించు వ్యతిరేకం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకు తీసుకున్నవారు ఆస్తిని తాము పుచ్చుకున్నప్పుడు ఉన్న స్థితిలో తిరిగి అప్పగించాలి. అయితే మామూలు వాడకం వల్ల కలిగే అరుగుదలకు వాళ్ళు బాధ్యులు కారని ఆ వాక్యంలోనే మినహాయింపు ఉంది. నాలుగేళ్ళు మనుషులు కాపురమున్న ఇంట్లో సున్నం వెలవకుండా, గుమ్మాల దగ్గర చెయ్యి తగిలిన జాడ పడకుండా ఉండదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా విడమరిచి చెప్పింది. ఏ మరమ్మతు ఎవరిదో దాని రెండో షెడ్యూలులో పట్టిక ఉంది. గోడలకు వెల్లవేయడం, తలుపులకూ కిటికీలకూ రంగులు వేయించడం, పైపులు మార్చడం, లోపలి బయటి వైరింగు ఇంటి యజమాని పనులు. కుళాయిలూ వాషర్లూ మార్చుకోవడం, తూములు శుభ్రం చేయించుకోవడం, గీజరు, స్విచ్చులు, సాకెట్లు, తలుపు గడియలు, దోమల జాలీలు, పగిలిన అద్దాలు అద్దెకున్నవారి పనులు. ఆ పట్టిక చేతిలో పెట్టుకుని మా మల్కాజిగిరి లెక్క చూసుకుంటే, గీజరుకూ కుళాయికీ పట్టుకున్న 1,700 న్యాయమే. మేము చేయించకుండా వచ్చేశాం, ఒప్పుకుంటాను. రంగుల 9,000 న్యాయం కాదు.

పిల్లలు క్రేయాన్లతో గోడలన్నీ నింపేస్తే, గోడలో అరచేయంత గుంటలు పడేలా టీవీ స్టాండు పీకేస్తే, దాన్ని అరుగుదల అనడానికి వీల్లేదన్నది నిజమే. అప్పుడు కూడా మొత్తం ఖర్చు అద్దెకున్నవారి మీద వేయడం తప్పని నేనంటాను. రెండు పడగ్గదుల ఇంటికి రంగులు వేయించడానికి 20,000 అయిందనుకుందాం, అది ఐదేళ్ళు మన్నుతుందనుకుందాం. అద్దెకున్నవారు మూడేళ్ళుండి వెళితే, వాళ్ళు పాడు చేసినది మిగిలిన రెండేళ్ళ మన్నికను మాత్రమే. అంటే 8,000 దాటి అడగడానికి ఓనరుకు హక్కు లేదు. ఐదేళ్ళు దాటి ఉంటే, పాడు చేసినా చేయకపోయినా ఓనరు ఎలాగూ రంగులు వేయించుకోవలసిందే. పాత రంగు పోయినందుకు కొత్త రంగు ఖరీదు అడిగితే, అది ఒకరి డబ్బుతో తన ఇల్లు బాగుచేసుకోవడం అవుతుంది. ఈ లెక్క పరుపులకూ, కర్టెన్లకూ, మాడ్యులర్ వంటగది తలుపులకూ కూడా వర్తిస్తుంది.

బెంగళూరులో ఉన్న తెలుగువారికి ఈ బాధ ఇంకా పెద్ద అంకెల్లో తెలుసు. పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇవ్వాలన్న మాట అక్కడ ఇప్పటికీ వినబడుతుంది. నెలకు 25,000 అద్దె అయితే అది రెండున్నర లక్షలు. బ్యాంకు ఏడాదికి ఆరున్నర శాతం ఇస్తుందనుకున్నా, ఆ డబ్బు మీద ఏడాదికి 16,250 రూపాయల వడ్డీ వస్తుంది, మూడేళ్ళకు చక్రవడ్డీ కలపకుండానే 48,750. ఆ వడ్డీ అంతా ఓనరుకే పోతుంది, అయినా ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో మళ్ళీ ఒక నెల అద్దె కోస్తారు. నమూనా చట్టం కాపురానికిచ్చే ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంటుంది, దుకాణాలకూ ఆఫీసులకూ ఆరు నెలలు. ఇంటిని స్వాధీనం చేసుకున్న రోజునే, న్యాయంగా రావలసిన బాకీలు మినహాయించుకుని మిగిలినది తిరిగి ఇచ్చేయాలని కూడా దాని 11వ సెక్షన్ చెబుతుంది. ఆ రోజునే అన్న ఆ మాట నాకు ఎంతో విలువైనదిగా కనబడుతుంది. శ్రావణం వచ్చాక, కొత్తవాళ్ళు దిగాక, ఊరెళ్ళొచ్చాక అనే మాటలకు అందులో చోటు లేదు.

అయితే ఆ చట్టం నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టసభలో సొంత చట్టంగా తెచ్చుకుంటే తప్ప ఎవరికీ అక్కరకు రాదు. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కానీ, అది చాలా తక్కువ అద్దెలున్న ఇళ్ళకే పరిమితం. ఈ రోజు హైదరాబాదులో మధ్యతరగతివాళ్ళు కట్టే అద్దెలన్నీ దాని గీత అవతలే ఉంటాయి. మిగిలేది ఆస్తి బదిలీ చట్టం, కాంట్రాక్టు చట్టం, పదకొండు నెలల అగ్రిమెంటు. ఆ పదకొండు నెలల కథ కూడా అందరికీ తెలిసిందే. ఏడాది దాటిన లీజునే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలన్న నమ్మకంతో, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలకు రాసుకుంటాం. స్టాంపు కాగితాల దుకాణంలో కంప్యూటరులో సిద్ధంగా ఉన్న నమూనాలో పేర్లు, అద్దె మార్చి ముద్రిస్తారు. ఇంట్లో ఫ్యాన్లెన్ని, ఏ గోడ మీద అప్పటికే చెమ్మ ఉంది, మీటరు రీడింగు ఎంత అన్నవి అందులో ఉండవు. ఆలస్యపు రుసుము మాత్రం తప్పకుండా ఉంటుంది.

నేను చూసిన అగ్రిమెంట్లలో ఎక్కువగా కనబడే వాక్యం, అయిదో తేదీ దాటితే రోజుకు వంద రూపాయలు అన్నది. వంద చిన్న అంకెలాగే కనబడుతుంది కనుక ఎవరూ బేరమాడరు. నెలకు 15,000 అద్దె మీద రోజుకు వంద అంటే, ఏడాది లెక్కన 243 శాతం వడ్డీ. అదే 15,000 మీద నూటికి నెలకు రూపాయి వడ్డీ వేసినా, రోజుకు అయిదు రూపాయలు కూడా కాదు. అద్దె పది రోజులు ఆలస్యమైతే ఓనరుకు నిజంగా కలిగిన నష్టం యాభై రూపాయలుంటే, వసూలు చేసేది వెయ్యి. ఆ తేడాను నష్టపరిహారం అనలేం, అది జరిమానా. జరిమానా వేసే అధికారం ఒక పౌరుడికి ఇంకొక పౌరుడి మీద ఉండదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సారాంశం. ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ అంకెకు మించని సముచితమైన పరిహారాన్నే. అసలు నష్టమే కలగకపోతే సొమ్ము జప్తు చేసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ మీద కైలాష్ నాథ్ అసోసియేట్స్ నడిపిన కేసులో తేల్చి చెప్పింది. అది స్థలం అమ్మకంలో బయానా గురించిన తగాదాయే అయినా, "ఆరు నెలల్లోపు ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" అని రాసి సంతకం పెట్టించుకునే ఓనర్లందరూ దాన్ని ఒకసారి తెలుసుకోవాలి.

ఓనరుకు నిజంగా నష్టం జరిగే సందర్భాలున్నాయి. అద్దె రాకపోవడంతో ఇంటి లోను వాయిదా వెనక్కి తిరిగి, బ్యాంకు బౌన్సు చార్జీ వేసిందనుకోండి, ఆ చార్జీ స్లిప్పు చూపించి అడగడంలో ఏ తప్పూ లేదు. స్లిప్పు చూపించకుండా రోజుకు వంద అనడమే తప్పు.

ఆలస్యపు రుసుములో ఇంకా పెద్ద అన్యాయం ఒకటి మా చెల్లెలి ఆఫీసులో పనిచేసే కుర్రవాడికి కూకట్‌పల్లిలో జరిగింది. అతనికి జీతం ఏడో తేదీన పడుతుంది. రెండేళ్ళ దగ్గరదగ్గరగా, ఇరవై రెండు నెలలు, ఏడుకూ పదికీ మధ్య అద్దె పంపుతూ వచ్చాడు. ఓనరు ఏ నెలా ఒక్క మాట అనలేదు. ఖాళీ చేసే రోజున ఫోనులో జాబితా తీసి, మొత్తం 88 రోజుల ఆలస్యం, 8,800 రూపాయలు అని అడ్వాన్సులోంచి కోశాడు. నెలనెలా అడిగి ఉంటే ఆ కుర్రవాడు తేదీ మార్చమని అడిగేవాడు, లేదా ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని అయిదునే కట్టేవాడు. చెప్పకుండా మూటకట్టి చివరలో బయటపెట్టిన బాకీని బాకీ అనడానికి నాకు మనసొప్పదు. ఆలస్యపు రుసుము ఏదైనా ఉంటే, ఆ నెలలోనే అడగాలి, ఆ నెలలోనే తీసుకోవాలి, లేదా ఆ నెలతోనే వదిలేయాలి. మా పోర్షన్లకు ఎవరైనా దిగేటప్పుడు నేను మొదట అడిగేది జీతం ఏ తేదీన పడుతుందని. దాన్నిబట్టే గడువు రాసుకుంటాం. ఒకరికి పదో తేదీ, ఒకరికి మూడో తేదీ. ఇది దయ అనుకోనక్కర్లేదు. రాని తేదీకి గడువు పెట్టి ప్రతి నెలా ఫోను చేసే పని నాకు తప్పుతున్నది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ తెలంగాణ ప్రభుత్వం, మార్చి నుంచి మూడు నెలల పాటు అద్దెలు అడగవద్దని, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని ఓనర్లకు చెప్పింది. అప్పుడు మా పోర్షనులో ఒక ప్రైవేటు స్కూలు మాస్టారి కుటుంబం ఉండేది. స్కూలు మూతపడి ఆయనకు జీతం ఆగిపోయింది. ప్రభుత్వం చెప్పిన మూడు నెలలు నాలుగయ్యాయి. ఆయన మొహమాటంతో మెట్ల మీద నేను ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాడు. అది చూడలేక ఒక సాయంత్రం కూర్చోబెట్టి, నోటుపుస్తకంలో నాలుగు నెలల బాకీ 56,000 అని రాసి, పది నెలల్లో తీర్చేలా ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. తొమ్మిది వాయిదాలు సమయానికే వచ్చాయి, పదోది రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది. రోజుకు వంద అని పట్టుబట్టి ఉంటే ఆ బాకీ ఎప్పటికీ వచ్చేది కాదని, ఆయన అడ్వాన్సు వదులుకుని రాత్రికి రాత్రి వెళ్ళిపోయేవాడని నా నమ్మకం. అద్దె ఆలస్యం చేసేవాళ్ళందరూ అలాంటి మాస్టార్లు కారని నాకు తెలుసు. జీతం పడిన రోజునే కొత్త ఫోను కొని, అద్దె అడిగితే ఫోను ఎత్తనివాళ్ళనూ చూశాను. వాళ్ళ విషయంలో పనికొచ్చేది నోటీసు ఇచ్చి ఖాళీ చేయించడమే. రుసుము మీద రుసుము వేసుకుంటూ పోయినా వాళ్ళు కట్టరు.

మా అక్క కొడుకు ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో చెప్పిన సంగతి ఒకటి నా మనసులో నాటుకుపోయింది. అక్కడ ఓనరు డిపాజిట్‌ను తన దగ్గర ఇష్టం వచ్చినట్టు ఉంచుకోవడానికి వీల్లేదు. 2007 ఏప్రిల్‌లో వచ్చిన నియమం ప్రకారం, ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకాల్లో ఒకదానిలో దాన్ని నమోదు చేయాలి, ఇప్పుడు దానికి గడువు ముప్పై రోజులు. చేయకపోతే, డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకూ అద్దెకున్నవారికి చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. కోతల మీద తగువు వస్తే ఆ పథకంవాళ్ళే ఫొటోలూ బిల్లులూ చూసి తీర్పు చెబుతారు. 2019లో వచ్చిన ఇంకొక చట్టం, మామూలు అద్దె ఇళ్ళకు డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించరాదని, ఆలస్యానికి పద్నాలుగు రోజులు దాటాకే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మూల వడ్డీరేటు మీద మూడు శాతం కలిపిన వడ్డీ మాత్రమే వేయాలని కట్టడి చేసింది. నేను రోజుకు అయిదు రూపాయలని వేసిన లెక్క లాంటిదే అది. కాలిఫోర్నియాలో ఉన్న మా బంధువులు ఖాళీ చేసిన ఇరవై ఒక్క రోజుల్లోపు కోతల జాబితాతో సహా మిగిలిన డబ్బు అందాలన్న నియమం గురించి చెబుతుంటారు. ఆ దేశాల్లో ఓనర్లు మనకంటే మంచివాళ్ళని నేననుకోను. అక్కడ డబ్బుకూ మనిషికీ మధ్య ఒక పద్ధతి ఉంది.

మన నమూనా చట్టంలో నాకు కనబడే లోటు అదే. రెండు నెలల పరిమితి పెట్టింది, అదే రోజున ఇవ్వాలంది, తగాదాలు వినడానికి అద్దె అధికారిని నియమించమంది, డబ్బును మాత్రం ఓనరు చేతిలోనే ఉంచింది. తెలంగాణ ఎప్పుడైనా కొత్త అద్దె చట్టం తెస్తే, ఆ సొమ్ము ఇద్దరి సంతకాలు లేనిదే కదలని ఖాతాలో ఉండాలన్న ఒక్క నిబంధన కలపాలని నేను కోరుకుంటాను. బ్యాంకులకు ఇది కొత్త పనేమీ కాదు, ఉమ్మడి ఖాతాలు ఏనాటి నుంచో నడుపుతున్నాయి.

అలాంటిదేదీ వచ్చేలోగా, అడ్వాన్సు చిక్కుకుపోయినవారికి దారి బొత్తిగా లేకపోలేదు. డబ్బు ఇవ్వవలసిన నాటినుంచి మూడేళ్ళలోపు దావా వేసుకోవచ్చు. దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకుంటే, ఫీజు లేకుండా లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. మాకు ఆ రోజు ఇది తెలియదు. తెలిసినా, 9,000 రూపాయల కోసం సెలవులు పెట్టుకుని తిరగగలిగేవాళ్ళమా అంటే, చెప్పలేను. కోత ఎప్పుడూ సరిగ్గా అక్కడే ఆగుతుంది, మనిషి కోర్టుకు వెళ్ళడానికి చాలనంత దగ్గర. అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్ళలో చేరిన పిల్లల దగ్గర మెయింటెనెన్సు పేరుతో డిపాజిట్‌లో వెయ్యి, పదిహేను వందలు కోసుకోవడం కూడా ఇలాంటిదే. ఒక్కొక్కరి వెయ్యి ఎవరికీ కేసు కాదు, గదికి నలుగురున్న హాస్టలుకు అది ఏడాది పొడుగునా వచ్చే రాబడి.

మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఏమంత గొప్పది కాదు. దిగే రోజున ఇద్దరం కలిసి ఇల్లు తిరిగి, ఫోనులో వీడియో తీసి, దాన్ని వాట్సాప్‌లో వాళ్ళకు పంపుతాను. తేదీతో సహా అది రెండు ఫోన్లలోనూ ఉండిపోతుంది. మీటరు రీడింగు, ఫ్యాన్ల లెక్క, ఉత్తరం గోడ మీది చెమ్మ మరక, స్నానాల గదిలో అప్పటికే బీటవేసిన పలక అన్నీ అగ్రిమెంటు వెనక పేజీలో చేత్తో రాస్తాం. ఖాళీ చేయడానికి పదిహేను రోజుల ముందు మళ్ళీ ఒకసారి తిరుగుతాం. ఏది బాగుచేయించాలో అప్పుడే చెబితే, వాళ్ళకు తెలిసిన ప్లంబరుతో తక్కువలో చేయించుకుంటారు, లేదా నన్నే చేయించమంటారు. అప్పుడు బిల్లు చూపించి ఆ మేరకే పట్టుకుంటాను. రంగులు మావే. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మేమే ఉంచుకుంటాం, దాన్ని రంగుల ఖర్చులో కలుపుకుంటాం. ఆ సంగతి దిగే రోజునే చెబుతాం. వడ్డీ కూడా వాళ్ళదే అనేవారున్నారు. ఆ వాదనలో న్యాయం లేదని నేననను.

కింది పోర్షనులో ఉన్నవాళ్ళు ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారు. మొన్న ఆదివారం ఇల్లు చూశాం. వాళ్ళ బాబు అల్మారా తలుపు లోపలివైపు స్కెచ్ పెన్నుతో రైలుబండి గీశాడు, పదకొండు పెట్టెలతో. వాళ్ళమ్మ తడిగుడ్డతో తుడవబోతే నేను వద్దన్నాను. రైలుకు కోత ఏమీ లేదు. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగడం లేదు, దానికి 650 అవుతుందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు, వాళ్ళు ఒప్పుకున్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయడానికి శుక్రవారం బ్యాంకుకు వెళుతున్నాను. శనివారం పొద్దున వ్యాను వచ్చేసరికి డబ్బు వాళ్ళ ఖాతాలో ఉంటుంది.